అగణ్యవాచకములును ఆంగ్ల నిర్దేశకములును

పెద్దపల్లి జిల్లా 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదిని కరీంనగరు జిల్లానుండి విడివడి యేర్పడినది. ఈ జిల్లా లోకమున కిచ్చునవి యేవి యని యెవరైన నడిగినచో మా నోటికి వెంటనే వచ్చు మాటలు కొన్ని గలవు. గోదావరిఖని బొగ్గు, రామగుండము విద్యుత్తు, 2021 నుండి యక్కడనే తయారగుచున్న యూరియా, బసంతనగరపు సిమెంటు, సుల్తానాబాదు మిల్లుల బియ్యము, మానేటి యిసుక. విచిత్ర మేమనఁగా, ఇవి యన్నియు నాంగ్లవ్యాకరణము లెక్కకు రానివని చెప్పు వస్తువులే. కోల్, ఎలక్ట్రిసిటీ, యూరియా, సిమెంట్, రైస్, సాండ్ అను నీ శబ్దములలో నొక్కటియు సామాన్యార్థమున 'ఎ' అను నిర్దేశకమును దన ముందు నిలుపుకొనదు. కాఁబట్టి తన యూరిని గూర్చి నాలుగు వాక్యము లాంగ్లమున వ్రాయఁబూనిన మా బాలునకు మొదటి వాక్యముననే చిక్కు తటస్థించును. ఈ చిక్కును విడఁదీయుటకు మన వ్యాకరణశాస్త్రము తోడ్పడునని చూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

కొంతకాలము క్రిందట నొక గనికార్మికుని కూఁతురు తాను వ్రాసిన యాంగ్లవ్యాసమును దీసికొని మా యింటికి వచ్చెను. అందు 'ఎ కోల్', 'ఎ రైస్', 'యాన్ ఇన్ఫర్మేషన్' అని వ్రాసిన చోట్ల 'ఎ', 'యాన్' ఎఱ్ఱసిరాతోఁ గొట్టివేయఁబడి యుండెను. అది యుక్తమే. బొగ్గు నల్లనిది యను సామాన్యవాక్యమును 'ది కోల్ ఈజ్ బ్లాక్' అని వ్రాయఁగా నక్కడ 'ది' కొట్టివేయఁబడి యుండెను. అదియు యుక్తమే. కాని, తన తాత టబ్బులలో నింపిన బొగ్గు అను నర్థమున నామె సరిగానే వ్రాసిన 'ది కోల్' నందును 'ది' కొట్టివేయఁబడి యుండెను. ప్రక్కను 'అగణ్యవాచకమునకు ఆర్టికలు రాదు' అని యొక్క ముక్క వ్రాయఁబడి యుండెను.

"అయ్యగారూ, మీ సంస్కృతమునకు సూత్రము లున్నవి గదా, దీనికి లేవా? లేనిచో నిఁకమీఁద నే నెక్కడను ఎ గాని ది గాని వ్రాయను" అని యా బాలిక పలికెను.

నాకు నవ్వు రాలేదు. ఆమె చేసికొన్న నిశ్చయము తప్పయినను, దానికిఁ గారణమైన సూత్రము అంతకంటెఁ బెద్ద తప్పు. అర్ధసత్యమును బూర్ణసత్యముగా నేర్చినవాఁడు తాను సరిగా వ్రాసినదానిని గూడఁ జెఱుపుకొనును. ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయు యువకుఁడును, పరీక్ష వ్రాయు బాలికయు నీ చిన్న యక్షరములచేతనే చదువు చాలనివారని యెంచఁబడుట నేఁడు మనము చూచుచున్నదే. కావున నీ విషయము నల్పమని త్రోసివేయరాదు.

మొదట సంజ్ఞలను నిశ్చయించుకొందము. ఎ, యాన్, ది అను మూఁడింటిని ఆంగ్లేయు లార్టికలు లందురు. మన పాఠశాలా పుస్తకములు వీనికి ఉపపదములని పేరిడినవి. పాణినీయమున నుపపదము వేఱు: కుంభకారశబ్దమున ధాతువునకు ముందు నిలిచిన కుంభపద మట్టిది. ఒకే సంజ్ఞ రెండు శాస్త్రములందు రెండర్థముల నిచ్చినచో బుద్ధి కలఁతపడును. కావున నిందు వానిని నిర్దేశకము లందును. ఎ, యాన్ అనునవి యనిశ్చయ నిర్దేశకములు. ది యనునది నిశ్చయ నిర్దేశకము. ఒకటి, రెండు అని లెక్కింపఁదగినదానిని జెప్పునది గణ్యవాచకము. అట్లు లెక్కింప వలనుపడనిదానిని జెప్పునది యగణ్యవాచకము.

ఈ నిర్దేశకముల పుట్టుక నెఱిఁగినచో సగము సందేహము తీఱును. 'ఎ', 'యాన్' అనునవి ప్రాచీనాంగ్లమున 'ఒకటి' యను నర్థముగల 'ఆన్' అను సంఖ్యావాచకము అరిగి యేర్పడిన రూపములు. 'ది' యనునది 'ఆ' యను నర్థముగల పూర్వసర్వనామమునుండి వచ్చినది. అనఁగా మొదటిదానిలో నేఁటికిని సంఖ్య దాఁగియున్నది; రెండవదానిలో వ్రేలు చూపుట దాఁగియున్నది. సంస్కృతమునఁ గాని తెలుఁగునఁ గాని యిట్టి నిర్దేశకములు ప్రత్యేకముగా లేవు. అయినను 'ఒక', 'ఆ' యను మాటలు మనకును గలవు. మన వాడుకను బరిశీలింపుఁడు. ఒక బియ్యము, ఒక సిమెంటు అని యెవ్వఁడును పలుకఁడు. ఆ బియ్యము, ఆ సిమెంటు అని యందఱును బలుకుదురు. సంఖ్య రానిచోట 'ఒక' రాదు. గుర్తింపునకు మాత్రము సంఖ్యతోఁ బనిలేదు గనుక 'ఆ' వచ్చును. ఆంగ్లమునను నియమ మింతియే. అగణ్యవాచకము 'ఎ' ను నిరాకరించును గాని 'ది' ని నిరాకరింపదు. ఎఱ్ఱసిరావారు రెండింటిని ఒకే త్రాటఁ గట్టిరి.

ఇంత సులభమైనచో మనవారు తప్పుట యేల? ఏ శబ్దము గణ్యము, ఏది యగణ్యము అను విభాగము రెండు భాషలయందు నొక్కటి కాకపోవుటచేత. మనకు సలహా లెక్కకు వచ్చును: ఒక సలహా, రెండు సలహాలు. వార్తయు నట్టిదే. ఆంగ్లమున అడ్వైస్, ఇన్ఫర్మేషన్, న్యూస్, ఫర్నిచర్, లగేజ్, మెషినరీ, ఎక్విప్‌మెంట్ అనునవి యన్నియు నగణ్యములు. న్యూస్ అనునది తుదిని సకారముతోఁ గూడి బహువచనమువలెఁ గానవచ్చినను ఏకవచనక్రియతోనే యన్వయించును. తెలుఁగున 'ఒక సలహా' అని తలఁచి యాంగ్లమున 'యాన్ అడ్వైస్' అని వ్రాయువాని తప్పు అజ్ఞానజన్యము గాదు, మాతృభాషా సంస్కారజన్యము. దాని నట్లే తెలిపి దిద్దవలెను.

ఇక్కడ నొక ప్రశ్న పుట్టును. సలహా లెక్కకు వచ్చునా రాదా యనుట వస్తుస్వభావమైనచో, సముద్రము దాఁటినంతనే యా స్వభావ మెట్లు మాఱును? దీనికి సమాధానము మన శాస్త్రమునఁ గలదు. సంస్కృతమున జలశబ్ద మేకవచనమున వాడఁబడును. అదే నీటిని జెప్పు అప్ శబ్దము నిత్యబహువచనాంతము. వస్తు వొక్కటియే, వచనములు రెండు. భార్య యొక్కతె యైనను దారశబ్దము పుంలింగ బహువచనముననే యుండును. తెలుఁగున నీరు, నీళ్లు అను రెండు రూపములును ఒకే కుండలోనివే. పాలు బహువచనము, నెయ్యి యేకవచనము, రెండును ద్రవములే. ధాన్యమును దీసికొనుఁడు. వడ్లు బహువచనము, వానిని దంచఁగా వచ్చిన బియ్యము రూపమున నేకవచనము, వండిన యన్నము నేకవచనమే. ఆంగ్లేయుఁడు బియ్యమునకును అన్నమునకును రైస్ అను నొక్క మాటనే వాడి యగణ్య మనును. గింజలు లేకపోలేదు, వానిని లెక్కించు తలంపు లేదు.

కాఁబట్టి గణ్యత్వము వస్తువునందు లేదు; వివక్షయందున్నది. వక్త దేనిని జెప్పఁదలఁచెనో యదియే వివక్ష. శబ్దమున కర్థము జాతియా వ్యక్తియా యను వాదమున వాజప్యాయనుఁడు జాతి యనియు, వ్యాడి ద్రవ్య మనియుఁ జెప్పినట్లు కాత్యాయన పతంజలుల వలనఁ దెలియుచున్నది. ఆ వాదము నిక్కడఁ దీర్పఁబనిలేదు. ఒకే శబ్దము ఒకప్పుడు జాతిని, ఒకప్పుడు వ్యక్తిని స్ఫురింపఁజేయునని గ్రహించిన నాంగ్లనిర్దేశకముల గుట్టు చేఁజిక్కును. భేదమెల్ల నిది: మన భాషలలో వక్త మనస్సుననే నిలిచిపోవు నీ వివక్షను ఆంగ్లభాష ప్రతినామమునకు ముందును బైటఁ బెట్టుమని నిర్బంధించును. ఏ నామమును ఏ భావముతో వాడవచ్చునో మాత్రము ఆ భాషా సంప్రదాయమే నిశ్చయించును.

ఇఁక నియమములను బొగ్గునే యుదాహరణముగాఁ గొని చూతము.

అగణ్యవస్తువును లెక్కింపవలసివచ్చినపుడు లోకము కొలమానము నాశ్రయించును. భూగర్భగనులలోఁ బూర్వము బొగ్గును చేతిపారలతో టబ్బులలో నింపెడి కోల్ ఫిల్లర్లకుఁ గూలి టబ్బుల లెక్కను బట్టి యుండెడిది. బొగ్గు లెక్కకు రాదు, టబ్బు వచ్చును. ఒక టబ్బు బొగ్గు, నాలుగు టన్నుల బొగ్గు, రెండు బస్తాల సిమెంటు అని మన మనునట్లే యాంగ్లేయులు 'ఎ టబ్ ఆఫ్ కోల్', 'ఎ బ్యాగ్ ఆఫ్ సిమెంట్' అందురు. ఇచట 'ఎ' యనునది టబ్బునకుఁ జెందినది గాని బొగ్గునకుఁ గాదు. సలహాకు సైతము ఇట్టి కొలత నొకదాని నాంగ్లేయులు కల్పించిరి: 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్', అనఁగా సలహాముక్క. మనకు నవ్వు వచ్చును గాని నియమ మదియే. పరిమాణమును నిశ్చయింపక కొంత యని చెప్పఁదలఁచినచో 'సమ్' అను మాట యుపకరించును: సమ్ కోల్, సమ్ అడ్వైస్.

అట్లయిన 'ఎ కోల్' అనుట యెన్నఁడును తప్పేనా? కాదు. అగణ్యమని పేరుపడిన శబ్దము మూఁడు తావుల గణ్యమగును. మొదటిది ఖండవివక్ష. నిప్పులోనుండి తీసిన కణకణలాడు నొక్క బొగ్గును 'ఎ కోల్' అనవచ్చును. మనమును గనిలోని రాశిని బొగ్గనియు, కుంపటిలోనివానిని బొగ్గులనియు ననుచున్నాము గదా. రెండవది భేదవివక్ష, అనఁగా రకమును జెప్పఁదలఁచుట. సింగరేణి బొగ్గు ప్రధానముగా కోకు తయారీకిఁ బనికిరాని రకము. ఈ యర్థమున 'ఎ నాన్ కోకింగ్ కోల్' అనుట శుద్ధప్రయోగము. అచ్చట 'ఎ' కు 'ఒక రకమైన' అని యర్థము. మన దేశమున బొగ్గును ఉష్ణశక్తిని బట్టి 17 శ్రేణులుగా విభజించియున్నారు. శ్రేణులను జెప్పునపుడు కోల్స్ అను బహువచనమును వచ్చును. మూఁడవది యంశవివక్ష. గని గేటు ముందరి హోటలులో షిఫ్టు దిగినవారు 'నాలుగు చాయ్' అందురు. చాయ్ ద్రవము, లెక్కించినది గ్లాసులు. 'ఎ టీ', 'టూ కాఫీస్' అను ప్రయోగము లట్టివే.

వీనికిఁ దోడు కొన్ని శబ్దము లర్థమే మార్చుకొనును. ఐరన్ అనఁగా ఇనుము. 'యాన్ ఐరన్' అనఁగా బట్టల నిస్త్రీ చేయు పెట్టె. పేపర్ అనఁగా కాగితపు పదార్థము. 'ఎ పేపర్' అనఁగా వార్తాపత్రిక, లేదా ప్రశ్నపత్రము. వర్క్ అనఁగా పని. 'ఎ వర్క్' అనఁగా గ్రంథము మొదలగు కృతి. 'ఎ' యొక్కటి చేరుటచే నర్థము వేఱగుచుండఁగా దానిని వ్యర్థాక్షర మనుట యెట్లు? విశేషణము చేరినపుడు నాలెడ్జ్ మొదలగు కొన్ని భావవాచకములు 'ఎ' ను గ్రహించును. మంచి పరిజ్ఞాన మను నర్థమున 'ఎ గుడ్ నాలెడ్జ్' సాధువు. కాని 'ఎ గుడ్ అడ్వైస్' సాధువు గాదు. ఇట్టిచోట్లఁ దర్కము పనిచేయదు, శిష్టప్రయోగమే శరణము. ఇది మన వైయాకరణులకుఁ గ్రొత్త మాట గాదు.

ఇఁక 'ది' విషయము. వక్తకును శ్రోతకును ఇది యని తెలిసిన వస్తువైనచో 'ది' వచ్చును. తెలియుట సామాన్యముగా మూఁడు విధములు. మున్ను ప్రస్తావింపఁబడుట: నిన్న బొగ్గు వచ్చినది, ఆ బొగ్గు తడిసియున్నది. ఇందు మొదటి బొగ్గునకు నిర్దేశకము లేదు, రెండవదానికి 'ది' గలదు. విశేషణవాక్యముచేఁ బరిచ్ఛిన్నమగుట: మా తాత నింపిన బొగ్గు. సందర్భముచేతనే తెలియుట: ఇంటనున్నవారితో నీళ్లు కాఁగినవా యని యడిగినపుడు పొయ్యిమీఁది నీళ్లే గాని గోదావరి నీళ్లు గావు, కావున 'ది వాటర్'.

మన పిల్లల కొక పరీక్ష చెప్పెదను. తెలుఁగున జడవాచకములకు ద్వితీయకు మాఱుగాఁ బ్రథమయు వచ్చునని చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ జెప్పియున్నాఁడు. బొగ్గు నింపెను, బొగ్గును నింపెను అని రెండు విధములను వాడుదుము. శ్రద్ధగా వినిన వీనియందు సూక్ష్మభేదము వినఁబడును. బొగ్గు నింపెను అనఁగా నతఁడు చేసిన పని యెట్టిదో చెప్పుట. బొగ్గును నింపెను అనఁగా మనమెఱిఁగిన యా బొగ్గును నింపుట. మొదటిదానికి నిర్దేశకరహితమైన కోల్, రెండవదానికి 'ది కోల్' తఱచుగా సరిపోవును. 'ఆ' యను మాటను జేర్చి చూచినను ఫల మిదియే. చేర్చిన నర్థము చెడకున్నచో 'ది' వ్రాయవలెను. ఈ పరీక్ష సర్వత్ర చెల్లదు. కాని తల్లి నేర్పిన భాషలోనే కొలబద్ద యున్నదని తెలిసిన పిల్లవానికి ధైర్యము కలుగును.

'ది కోల్ ఈజ్ బ్లాక్' అని మనవా రేల వ్రాయుదురో చూడవలెను. గణ్యవాచకముల యందు 'ది' కొన్నియెడల జాతిని జెప్పును. పులి క్రూరమృగ మనుటకు 'ది టైగర్' అని యేకవచనముతో వ్రాయవచ్చును. దీనిని నేర్చిన బాలుఁడు బొగ్గునకును అదే న్యాయమును బట్టించును. ఊహ చక్కనిదే, కాని చెల్లదు. పులి వ్యక్తి గనుక జాతిని జెప్పుట కొక గుఱుతు కావలసివచ్చినది. బొగ్గు ఏ గుఱుతును లేకయే జాతివాచకము. అష్టాధ్యాయి మొదటి యధ్యాయము రెండవ పాదమున 58వ సూత్రము జాతిని జెప్పునపుడు ఏకవచనమునకు మాఱుగా బహువచనమును వికల్పముగా విధించినది. వ్రీహిశబ్దము నెట్లు వాడినను ధాన్యజాతియే తోఁచును. సంస్కృతము వచనముచేఁ జేసిన యేర్పాటును ఆంగ్లము నిర్దేశకముచేఁ జేసినది. పులులను బహువచనమునఁ జెప్పినను, బొగ్గు నగణ్యముగాఁ జెప్పినను నిర్దేశకము లేకుండుటయే యచట జాతిచిహ్నము.

ఈ 'లేకుండుట' ను గూర్చి యొక మాట. పాణిని కనఁబడకుండుటకే లోపమను సంజ్ఞ చేసెను. లోపించినది లేనిది గాదు. దాని స్థానమున్నది, దాని కార్యమున్నది. ఆంగ్లమున నామమునకు ముందు నిర్దేశకము లేకుండుటయు నట్టిదే. కోల్ అని యూరక వ్రాసినచో నది మఱచిపోయినది గాదు. 'ఏ పరిమితియు లేని బొగ్గు' అను నర్థమును జెప్పుచున్నది. కావున 'ఎ', 'ది', శూన్యము అని మూఁడు పక్షములు, మూఁటికి మూఁడర్థములు. అగణ్యములకు శూన్యము సామాన్యమును, 'ది' విదితమును, 'ఎ' ఖండమును గాని రకమును గాని యంశమును గాని తెలుపును. ఎక్కడను వ్రాయనని పలికిన యా బాలిక మూఁడర్థములను ఒక్క యర్థముగాఁ గుదించుచున్నది.

అందువలన వచ్చు నష్ట మెంతటిదో మా ప్రాంతమువారికి వేఱుగాఁ జెప్పఁబనిలేదు. గనిలోఁ దనిఖీ చేసిన సర్దారును ఓవర్‌మానును తాము చూచినదానిని నివేదికగా వ్రాయవలసియుందురు. ఒకఁడు 'వాటర్' గ్యాలరీలోనికి వచ్చినదని వ్రాసెననుకొందము. చదువువాఁడు ఎక్కడి నీరు, ఎటునుండి వచ్చినది యని యడుగును. మఱియొకఁడు 'ది వాటర్' వచ్చినదని వ్రాసెననుకొందము. చదువువాఁడు అది మన మెఱిఁగిన నీరే, పంపులతోఁ దోడుచున్న నీరే యని తలఁచును. ఒక్క నిర్దేశకముచే నెఱుఁగని నీరు ఎఱిఁగిన నీరగును. 2003వ సంవత్సరము జూన్ 16వ తేదిని గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు చొరఁబడి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ దుర్ఘటనకును వ్యాకరణమునకును సంబంధమున్నదని నే ననుట లేదు, అట్లనుట పాపము. నీరు తెలిసినదా తెలియనిదా యనుట ప్రాణములతోఁ గూడిన ప్రశ్నయైన చోట, ఆ భేదమును జెప్పు మాటను దెలిసి వాడుట విద్యావంతుని ధర్మమని మాత్రము మనవి చేయుచున్నాను.

ఆ బాలిక కాగితమును నే నిట్లు దిద్దితిని. కొట్టివేసిన 'ఎ' లను, 'యాన్' ను అట్లే యుంచితిని. సామాన్యవాక్యములోని 'ది' కొట్టివేతయు నట్లే యుంచితిని. తాత నింపిన బొగ్గునకు ముందు 'ది' ని మరల వ్రాసి, "బిడ్డా, ఇది నీవు సరిగా వ్రాసినదే, లోకములోని బొగ్గంతయు మీ తాత నింపలేదు గదా" అంటిని. ఆమె కొంతసే పాలోచించి, తానే కలము తీసికొని, తరువాతి వాక్యములోని 'రైస్' నకు ముందున్న చోటును చూపి, "ఇది మిల్లులలోని బియ్యమంతయునా, మా యింటికి వచ్చిన బియ్యమా యని నన్ను నేనడుగవలెను, అంతే గదా?" అనెను. సూత్ర మామెకు దొరకినది.

బోధకులకు నా విన్నప మింతియే. అగణ్యవాచకమునకు నిర్దేశకము రాదని చెప్పకుఁడు. సంఖ్యను గోరు 'ఎ' రాదనియు, ఎఱుకను గోరు 'ది' వచ్చుననియుఁ జెప్పుఁడు. ఏది సంఖ్యకు వచ్చునో వస్తువును జూచి గాక వివక్షను జూచి, ఆంగ్లప్రయోగమును జూచి నిశ్చయింపుఁడని చెప్పుఁడు. ఇందు లోపము లున్నచో విజ్ఞులు దెలిపిన సంతోషముతో దిద్దుకొందును.